ఉత్తరం కిందికి పెట్టిన పటం

ఆ లోయలో దిగింది జనవరి చివరి వారం. పొద్దున పదకొండు గంటలు. ఎండ కాస్తోంది, అయినా చలి ఎముక దాకా దిగుతోంది. హెలికాప్టర్ నుంచి బంకర్ దాకా వంద గజాలు కూడా ఉండవు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను. లోయ పేరు చెప్పను. చెప్పకూడదు. దేశానికి పైకొసన, చెట్టన్నది కనబడని చోట ఉందనుకోండి చాలు.

రెండు జతల మేజోళ్లు, మంచు బూట్లు, నల్ల కళ్లద్దాలు, మూడు పొరల కోటు. రైఫిల్ భుజానికి వేలాడుతోంది. చేతుల్లో మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నట్టు కంబళి మూట ఒకటి. అందులో పెన్ టాబ్లెట్ ఉంది. మా సుబేదార్ సాబ్ ఆ మూటను చూసి, నన్ను చూసి, "ఏముంది దాంట్లో? పెళ్లిచీరా?" అన్నాడు. విప్పి చూపించాను. నల్లటి పలక, ఒక పెన్ను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి బేస్‌లో నా పేరు పెన్సిల్ పహిల్వాన్.

ఇక్కడ జహీరాబాద్‌లో కూడా చాలామంది పెన్ టాబ్లెట్ అంటే పెద్ద ఫోను అనుకుంటారు. కాదు. ఆ పలక మీద ఏ బొమ్మా కనబడదు. పెన్నుతో పలక మీద గీస్తే గీత ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర మీద పడుతుంది. చేయి ఒకచోట, చూపు ఇంకోచోట. కొత్తవాళ్లు చేతి వంక చూస్తారు, గీత వంకర పోతుంది. మౌస్‌తో కూడా పటం గీయొచ్చు, కానీ వాగు మలుపు మౌస్‌కు లొంగదు. పెన్నుకు లొంగుతుంది.

నేను హవల్దార్‌ని, పని పటాల దిద్దుబాటు. ఆకాశం తేటగా ఉన్న రోజు డ్రోన్ ఎగిరి ఫొటోలు తెస్తుంది. వాటిని పాత పటం మీద పరిచి, మారిన చోటల్లా మళ్లీ గీయాలి. బాట నీలం, వాగు లేతనీలం, రాయి జారే చోటు గోధుమ, మనవాళ్లు నడవాల్సిన దారి ఎరుపు. అక్కడ నేల రోజుకో తీరుగా ఉంటుంది. నిన్న ఉన్న బాట ఇవాళ మంచు కింద ఉంటుంది, ఎల్లుండికి ఉండనే ఉండదు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేలోపు కొత్త పటం కెప్టెన్ సాబ్ బల్ల మీద ఉండాలి. అది నాకిచ్చిన ఆర్డర్. ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు. గొప్ప చెప్పుకుంటున్నానా? చెప్పుకుంటున్నాను. చెప్పుకోవడానికి నాకు హక్కుంది.

మూడో రోజు పలక చలికి మొండికేసింది. వేడినీళ్ల సంచి పైన పెట్టి, "అరె, లేవవే తల్లీ, గిదేం పరేషాన్" అని గొణుక్కుంటున్నాను. వెనకనుంచి ఎవరో గరిటె కింద పడేశారు.

"ఏ ఊరన్నా మనది?"

తిరిగి చూస్తే వంటవాడు. బుగ్గలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి.

"జహీరాబాద్" అన్నాను.

"అరె, మాది మొగుడంపల్లి! గింత దూరమొచ్చినంక మనోడు దొరికిండు సూడు!" అని ఉన్నపళంగా నన్ను కౌగిలించుకున్నాడు. వాడి కోటంతా ఉల్లిగడ్డ వాసన.

ఆ తర్వాత వాడికి పని లేనప్పుడల్లా నా బంకర్లోనే. నేను గీస్తుంటే స్టూలు లాక్కుని పక్కన కూర్చునేవాడు.

"నువ్ తుపాకి పట్టవా అన్నా?"

"పడత. గని నా డ్యూటీ గిది."

"గీతలు గీసుడా? గందుకు జీతమిస్తున్నరా నీకు?"

"నీకు పప్పు ఉడకబెడ్తే ఇస్తలేరా?"

"ఈడ పప్పు యాడ ఉడుకుతదే! కుక్కరు పది సీటీలు కొట్టినా పలుకులే. దానికి డబల్ జీతమియ్యాలె నాకు."

అదే బంకర్లో ఉండే రేడియో ఆపరేటర్‌కు మా భాష ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మేం నవ్వితే తానూ నవ్వేవాడు.

ఫిబ్రవరిలో పెన్ను మొనలు అయిపోయాయి. పలక గరుకుగా ఉంటుంది, గీసినకొద్దీ ప్లాస్టిక్ మొన అరిగిపోతుంది. సామాను బండ్లు కనుమ దగ్గరే ఆగిపోయాయి. ఏం చేయాలో తోచక కూర్చుంటే కుక్ వచ్చి పెన్ను తీసుకుని చూశాడు. వెళ్లి వంటింట్లో గుడ్డలు ఆరేసే నైలాన్ తీగ కొసను కోసుకొచ్చాడు. "గిది దూరుతదేమో సూడన్నా" అన్నాడు. దూరింది. బ్లేడుతో చెక్కి, రాతి మీద నున్నగా రుద్దాను. కంపెనీ మొన కన్నా మెత్తగా నడిచింది. ఇంక ఆ పోస్టింగ్ అయ్యేదాకా నేను గీసినదంతా వాడి తీగతోనే.

నాకొక అలవాటుంది. ఏ కొత్త ఫొటో వచ్చినా ముందు దాన్ని తెర మీద తలకిందులు చేసి చూస్తాను. ఉత్తరం కిందికి, దక్షిణం పైకి. శిక్షణలో మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. దీన్ని చూసి కుక్‌కు ఒకటే నవ్వు. "మ్యాపు బోర్లేసినవేందన్నా? నీళ్లన్నీ కారిపోవా వాగులకెల్లి?"

చెబితే వాడి బుర్రకెక్కలేదు. సరే అని వాడి ఇడ్లీ ప్లేటు తెమ్మన్నాను. ఊరినుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడు ఆ ప్లేటు. సుబేదార్ సాబ్ కూడా టీ గ్లాసు పట్టుకుని వెంట వచ్చాడు. ప్లేటును కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు ఫొటోలో పైవైపు నుంచి పడేలా తీసి తెర మీద వేశాను. నాలుగు గుంటలు స్పష్టంగా కనబడ్డాయి. ఫొటోను తలకిందులు చేశాను. గుంటలు పోయాయి. వాటి చోట నాలుగు బుడిపెలు పైకి ఉబ్బి ఉన్నాయి.

"వార్నీ!" అని కుక్ ప్లేటును చేత్తో తడిమి చూశాడు. "గుంటలే ఉన్నయ్ గదా!"

విషయం ఇంతే. వెలుతురు పైనుంచి పడుతుందని మన కన్ను అనుకుంటుంది. బల్బు పైన, సూర్యుడు పైన, దానికి తెలిసింది అదే. పటంలో పైభాగం ఉత్తరం. మన దేశంలో చలికాలం సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, అంటే ఫొటోలో వెలుతురు కిందినుంచి వస్తుంది. అప్పుడు కన్ను మోసపోతుంది. గుంట గట్టులా కనబడుతుంది, గట్టు గుంటలా కనబడుతుంది. ఎంత చదివినవాడికైనా, ఎంత అనుభవం ఉన్నవాడికైనా అంతే. బొమ్మను బోర్లిస్తే వెలుతురు పైకి వస్తుంది, కన్ను దారికి వస్తుంది.

సుబేదార్ సాబ్ టీ తాగేసి, "ఇది యుద్ధానికి పనికొస్తుందా, ఇడ్లీకా?" అని వెళ్లిపోయాడు.

మార్చి మొదట్లో కుక్‌కు పైపోస్టుకు వంతు వచ్చింది. మా బేస్‌కు ఉత్తరాన ఒక పెద్ద వాలు, ఆ వాలు పైన ఎనిమిది మంది ఉండే చిన్న పోస్టు. మూడు గంటల ఎక్కుడు. వెళ్లే ముందు నా బంకర్లోకి వచ్చి, తెర మీద ఎర్ర గీతను వేలితో కిందినుంచి పైదాకా తడిమాడు. "నీ గీత పట్టుకోనే పోత అన్నా. తప్పిపోతే నీదే జిమ్మా" అన్నాడు. ఇడ్లీ ప్లేటును నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. పైన ఇడ్లీలు వండే తీరిక ఉండదట.

వాడు వెళ్లిన వారానికి మంచు మొదలైంది. ఆగకుండా కురిసింది. దానితో పాటు వాలులో సగం జారిపోయింది, నా ఎర్ర గీత ఉన్న బాటతో సహా. పాత పటంలో ఆ వాలంతా ఒకటే నున్నటి కొండ. ఇప్పుడది కోసుకుపోయి చీలికలు చీలికలుగా ఉంది.

మంచు ఆగిన రోజు పొద్దున ఎనిమిదిన్నరకు రేడియో పలికింది. పైపోస్టులోని నర్సింగ్ అసిస్టెంట్ గొంతు.

"బేస్, పైపోస్టు నుంచి. కుక్‌కు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పెదవులు నీలం. ఆక్సిజన్ పెట్టాం. సాయంత్రం దాకా వస్తుంది, అంతే. ఓవర్."

కెప్టెన్ సాబ్ మైకు అందుకున్నాడు. "దింపితే?"

"దింపితే బతుకుతాడు. ఇక్కడే ఉంటే బతకడు. ఓవర్."

హెలికాప్టర్ అడిగారు. లోయ కింద మబ్బు, రావడం కుదరదన్నారు. ఇంక కాలినడకే. పాత బాట లేదు. కొత్త దారి కావాలి, వెంటనే కావాలి. మధ్యలో మైకులో వాడి గొంతు ఒక్కసారి వినబడింది. దగ్గు, ఆ దగ్గు మధ్యలో "అన్నా" అని.

మా మీద ఆకాశం కాసేపు తేట పడింది. తొమ్మిదింబావుకు డ్రోన్ లేపారు. వాలు మొత్తం ఫొటోలు తీసుకుని దిగింది. అది దిగుతుండగానే మళ్లీ మబ్బు కమ్మింది. ఆ తర్వాత ఆ వాలును ఎవరూ కళ్లతో చూడలేదు. ఉన్నవి ఆ ఫొటోలే, అతికించి ఒక్కటి చేశాను.

తెర మీద వేశాను. కెప్టెన్ సాబ్, రేడియో ఆపరేటర్, లోపల ఉన్నవాళ్లందరూ నా భుజాల మీదుగా వంగారు; సుబేదార్ సాబ్ మాత్రం బయట కుక్‌ను దింపే పార్టీని సిద్ధం చేస్తున్నాడు. జారిపోయిన వాలు మధ్యలో, కుడినుంచి ఎడమకు ఏటవాలుగా, చక్కటి గట్టు ఒకటి పైపోస్టు దాకా పోతోంది. దాని పైన పక్కనే ఒక లోతైన నాలా. మంచు పేరుకున్న నాలాలో నడవడమంటే నిండిన తుపాకీ గొట్టంలో నడవడం. పైనుంచి ఎప్పుడు జారి వస్తుందో తెలియదు.

కెప్టెన్ సాబ్ వేలు పెట్టాడు. "ఈ గట్టు వెన్ను మీద గీత గీయి. ప్రింట్ తీయి. పార్టీ బయల్దేరుతుంది."

గట్టు అందరికీ కనబడింది. నాకూ గట్టుగానే కనబడింది. పెన్ను పలక మీద ఆన్చాను కూడా. కానీ ఎడమచేయి దాని పాటికది మీట నొక్కింది. అలవాటు. బొమ్మ తలకిందులైంది.

గట్టు లేదు. ఆ చోట నాలా ఉంది. నాలా అనుకున్నది గట్టు.

మళ్లీ తిప్పాను. గట్టు. మళ్లీ తిప్పాను. నాలా.

"ఏది నిజం?" అన్నాడు కెప్టెన్ సాబ్.

పైపోస్టు దగ్గర రేడియో స్తంభాన్ని తెర మీద పెద్దది చేసి చూపించాను. "సాబ్, ఈ స్తంభం నేల మీద నిలబడి ఉందని మనకు తెలుసు. దాని నీడ చూడండి. పటంలో పైవైపుకు పడింది. ఇది గట్టయితే దీని నీడ కూడా పైవైపుకే పడాలి. కిందివైపు నల్లగా ఉంది. ఇది గట్టు కాదు సాబ్, గుంట."

ఆయన తెర వంక చూశాడు, స్తంభం వంక చూశాడు, మళ్లీ నా వంక చూశాడు. "నువ్వు పొరపడితే ఆరుగురిని నాలాలోకి తోస్తున్నాం. ఏడోవాడు పైన ఉన్నాడు."

"పొరపడలేదు సాబ్. నేనూ వెళతాను వాళ్లతో."

"నువ్వు ఎక్కడికీ వెళ్లవు. గీత నీది, రేడియో దగ్గర కూర్చుని దాన్ని కాపాడు. గీయి."

గీశాను. చేతికి వేళ్లు లేని గ్లవ్స్. చిటికెనవేలు పలక మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి, తెర మీదినుంచి చూపు తీయకుండా ఒకే గీత. వాడు కోసిచ్చిన నైలాన్ తీగ పలక మీద సర్రున నడిచింది. నా చేయి వణకలేదు. ఆ ఒక్కటి మాత్రం నేను చచ్చేదాకా చెప్పుకుంటాను.

చేతి జీపీఎస్‌లో కూడా ఎక్కించాను. ఆ చలికి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో నమ్మకం లేదు, అందుకని కాగితం మీద ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి, లోపలికి వచ్చిన సుబేదార్ సాబ్‌కు ఇచ్చాను. ఆయన దాన్ని చూసి మొహం మాడ్చాడు. "పహిల్వాన్, తొందరలో ఏం చేశావో చూసుకో. ఎర్ర గీత నాలాలో ఉంది."

"సాబ్, ఇడ్లీ ప్లేటు గుర్తుందా?"

ఆయన బల్ల మీద ఉన్న ప్లేటు వంక చూశాడు. కాగితాన్ని మెల్లగా తలకిందులు చేశాడు. "వారెవా" అని మాత్రం అన్నాడు. కాగితాన్ని మళ్లీ సరిచేయలేదు. అలాగే పట్టుకుని బయటికి నడిచాడు. పదింబావుకు ఆరుగురు మబ్బులోకి వెళ్లిపోయారు.

రేడియో దగ్గర కూర్చున్నాను. ఆపరేటర్ టీ పోసి ఇచ్చాడు, అది చేతిలోనే గడ్డకట్టింది. పదకొండు దాటాక సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది. గాలి హోరు ఎక్కువగా ఉంది.

"బేస్, జీపీఎస్ ఆరిపోయింది. నా బూట్లు నాకే కనబడటం లేదు. కాగితం మీద మొదటి మలుపు దాటాం. నిజం చెప్పు పహిల్వాన్, మేం దేని మీద ఉన్నాం? ఓవర్."

"గట్టు మీద ఉన్నారు సాబ్. కర్ర పొడిచి చూడండి. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి. ఓవర్."

గాలి హోరు తప్ప ఏమీ లేదు. కెప్టెన్ సాబ్ నా వెనకే నిలబడి ఉన్నాడు, ఆయన ఊపిరి నా మెడ మీద తగులుతోంది.

"బేస్." ఆయన గొంతు మారింది. "ఎడమకు కర్ర దిగిపోయింది. కుడికీ దిగిపోయింది. కాళ్ల కింద గట్టి రాయి. గట్టు మీదే ఉన్నాం. పైకి పోతున్నాం. ఓవర్."

కెప్టెన్ సాబ్ నా భుజం మీద చేయి వేసి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాడు.

ఒకటిన్నరకు పైపోస్టు చేరారు. పదిహేను నిమిషాల్లో కుక్‌ను స్ట్రెచర్‌కు కట్టి దిగడం మొదలుపెట్టారు. రెండు గంటల నలభైకి ఆ చప్పుడు వచ్చింది. ముందు బల్ల మీద ఇడ్లీ ప్లేటు గిలగిల కొట్టుకుంది. తర్వాత నేల కదిలింది. తర్వాత ఆ హోరు. పైనుంచి మంచు విరిగి జారిందని అందరికీ తెలిసింది. ఎక్కడ జారిందో ఎవరికీ తెలియదు.

ఆపరేటర్ పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. లేదు. పిలుస్తూనే ఉన్నాడు. నేను తెర మీద నా ఎర్ర గీతను చూస్తూ కూర్చున్నాను. దాని పక్కనే నాలా. అందరం ముందు గట్టు అనుకున్న నాలా. నేను దేవుడికి పెద్దగా దండం పెట్టేవాణ్ణి కాదు. ఆ పూట పెట్టాను. తెలుగులో పెట్టాను, మా జహీరాబాద్ తెలుగులో. జర పైలం, నా బిడ్డలను జర పైలంగ దింపు అని.

ఇంక కూర్చోలేక బయటికి వచ్చాను. తెల్లటి మబ్బు గోడలా ఉంది. కెప్టెన్ సాబ్, ఇంకా నలుగురు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నాలుగు దాటింది. మబ్బులో ఏదో కదిలింది.

ఆ తర్వాత సంగతి చివర్లో చెబుతాను. అందరూ వచ్చారని మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆ నాలా పొడవునా మంచు దూసుకుపోయింది. గట్టు మీదికి దాని పొడి మాత్రం ఎగిరొచ్చి, వాళ్ల రేడియో నిండా మంచు కూరుకుపోయింది. అంతే. మర్నాడు మబ్బు విడిపోయి హెలికాప్టర్ వచ్చింది. కుక్‌ను ఎక్కించేటప్పుడు వాడు ముసుగు పక్కకు లాగి, "నా ప్లేటు పైలం అన్నా" అన్నాడు. ఊపిరి ఆడనివాడికి ప్లేటు ఫికరు!

పోస్టింగ్ అయిపోయింది. తర్వాత సర్వీసూ అయిపోయింది. ఇంటికి వచ్చిన రోజు హైవే మీద బస్సు దిగితే జహీరాబాద్ ఎండ చెంప మీద కొట్టినట్టు తగిలింది. ప్రాణం లేచి వచ్చింది. బస్టాండు పక్క హోటల్లో మా అన్న స్నేహితులు నన్ను చుట్టుముట్టారు.

"ఎన్ని తూటాలు కాల్చినవ్ ర?"

"ఒక్కటి గూడ కాల్చలే."

"మరేం జేసినవ్ గిన్నేండ్లు?"

"గీతలు గీసిన."

గొల్లున నవ్వారు. నాకు కోపం రాలేదు. మూల బల్ల దగ్గర చాయ్ తాగుతున్న మనిషి ఒకడు లేచి వచ్చాడు. మా కుక్, బుగ్గలు నున్నగా నిండాయి, ఒక్క క్షణం నేనే గుర్తుపట్టలేదు. నన్ను తీసుకుపోవడానికి మొగుడంపల్లి నుంచి ఆటోలో వచ్చాడు.

"గా గీతల ఒకదాని మీదికెల్లి నన్ను దింపిన్రు కాకా" అన్నాడు వాళ్లతో. "నవ్వుతె నవ్వున్రి గని, ముందుగాల లేచి అన్నకు కుర్సీ ఇయ్యున్రి."

లేచారు. కూర్చున్నాను. నా పెట్టెలోంచి ఇడ్లీ ప్లేటు తీసి వాడి చేతిలో పెట్టాను.

గర్వమా అని అడిగితే అవును, గర్వమే. ఇప్పుడు ఇక్కడ పొలాల హద్దులు, ప్లాట్ల పటాలు గీస్తున్నాను, అదే పలక మీద. కొత్త ఫొటో తెరిచిన ప్రతిసారీ బోర్లిస్తాను. బోర్లించిన ప్రతిసారీ ఆ సాయంత్రమే కళ్లముందుకు వస్తుంది. మబ్బులోంచి ముందు ఒక చేయి వచ్చింది, మంచు కప్పిన గ్లవ్. తర్వాత సుబేదార్ సాబ్. ఆయన వెనక స్ట్రెచర్, దాని వెనక మిగతావాళ్లు, ఒక్కొక్కరే, అందరూ. పదింబావుకు వెళ్లినప్పుడు ఎలా పట్టుకున్నాడో కాగితాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడాయన. దాని మీద ఉత్తరం బాణం ఆయన బూట్ల వైపు చూస్తోంది.